స్టిక్కర్ మీద స్టిక్కర్: మా వీధి చారిటీ షాపు

మా ఇంటి నుంచి బస్ స్టాపుకి వెళ్ళే దారిలో, ఒక బేకరీకీ మూతపడ్డ బ్యాంకుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఈ షాపు. పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద కాసేపు తిట్టబోతున్నాను, పైగా అక్కడ బిల్లు కొట్టే పెద్దావిడ అంటే నాకు చాలా ఇష్టం. ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక మాదిరి ఊరు మాది. 2021 సెప్టెంబర్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పటి నుంచి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్తూనే ఉన్నాను, అప్పుడు డబ్బుల్లేక, ఇప్పుడు అలవాటు పోక.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జనం వద్దనుకున్న బట్టలు, గిన్నెలు, పుస్తకాలు తెచ్చి ఊరికే ఇస్తే, వాటిని అమ్మి ఆ డబ్బుతో ఏదో ఒక సేవ చేస్తారు, క్యాన్సర్ పరిశోధనకో, ఊళ్ళో హాస్పిస్‌కో (చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే చోటు), పిల్లలకో. ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థ వాళ్ళు 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఇలాంటి షాపు తెరిచారు. ఇప్పుడు ఈ దేశంలో ఏ ఊరి మెయిన్ రోడ్డు చూసినా మూడో నాలుగో కనిపిస్తాయి.

మొదటి చలికాలం సంగతి చెప్పాలి. రెండు సూట్‌కేసుల్లో సగం అమ్మ పచ్చళ్ళూ పొడులూ కుక్కింది, మిగిలిన సగంలో కోఠీలో బేరమాడి కొన్న జాకెట్ ఒకటి. ఆ జాకెట్ నవంబర్ రెండో వారానికే చేతులెత్తేసింది. కొత్త కోటు కొందామంటే ఏది చూసినా 80 పౌండ్లకి తక్కువ లేదు, అప్పటికింకా ప్రతి పౌండునీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే రోజులు. ఈ షాపులో ముదురు నీలం ఉన్ని కోటు, మోకాళ్ళ కిందికి వచ్చేది, 8 పౌండ్లు. గుండీ ఒకటి లేదు, అంతే. లోపల అస్తరు చెక్కుచెదరలేదు. ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను.

అమ్మకి వీడియో కాల్లో చూపిస్తే మొహం చిట్లించింది. "ఎవరో కట్టి విడిచిన బట్టలేమిటే, అంత గతి లేకుండా పోయామా" అని. మనవాళ్ళకి ఇది పెద్ద విషయమే, కాదనను. అక్కాచెల్లెళ్ళ బట్టలు చిన్నప్పుడు అందరం వేసుకున్నాం గానీ ఊరూ పేరూ తెలియనివాళ్ళవి అంటే ఏదోలా ఉంటుంది. కానీ తెనాలిలో మా ఇంటి గుమ్మం ముందు పాత చీరలూ నాన్న ప్యాంట్లూ కుప్ప పోసి, స్టీలు సామాన్లావిడతో గంటసేపు గొడవపడి ఒక బేసిన్ సంపాదించేది కూడా ఇదే అమ్మ. ఆ చీరలు ఆ తర్వాత ఎవరు కట్టారు? ఆ మాటే అడిగాను. "అది వేరు" అంది. ఎలా వేరో ఇంతవరకు చెప్పలేదు.

సరే, ఇప్పుడు ధరలు. నేను వచ్చినప్పుడు ఈ షాపులో టాపులు దాదాపు అన్నీ 3 పౌండ్ల లోపే, పుస్తకం 50 పెన్నీలు. ఇప్పుడు టాపులు 6, 7 దగ్గర మొదలు. ప్రైమార్క్ (ఇక్కడ బాగా చవక బట్టల షాపు) ట్యాగు అలాగే ఉన్న టీషర్టు, నాలుగు ఉతుకులు పడి మెడ సాగిపోయింది, దాని మీద 4.50 అని స్టిక్కర్. అదే ప్రైమార్క్‌కి బస్సులో పది నిమిషాలు వెళ్తే దాదాపు అంతకే కొత్తది వస్తుంది. నా కోటు లాంటిది ఇప్పుడు 25 పౌండ్లకి తక్కువ లేదు, అది కూడా అక్టోబర్ రాకుండా కొంటేనే.

పోయిన నెల ఒక సూప్ బౌల్స్ సెట్ తెచ్చుకున్నాను, నాలుగు, తెల్లవి, నీలం అంచు. ఇంటికొచ్చి అడుగున స్టిక్కర్ గోకితే 5.99 కింద ఇంకో స్టిక్కర్, 3.50. అదీ గోకితే దాని కింద 2. ఉల్లిపాయ పొరల్లాగా. ఏ పొర ఎప్పటిదో తేదీ వేస్తే ఈ దేశంలో ధరల చరిత్ర మొత్తం ఆ గిన్నె అడుగునే రాసుకోవచ్చు. మా ఆయన "నాలుగో పొర కూడా ఉందేమో చూడు, వాళ్ళే మనకి డబ్బులిస్తారు" అన్నాడు. నాకు మాత్రం నిజంగా ఒళ్ళు మండింది. అమ్ముడుపోని వస్తువు ధర ఎవరైనా తగ్గిస్తారు గానీ పెంచుతారా?

ఇక్కడ వచ్చే మామూలు వాదన మీకూ తెలిసే ఉంటుంది, సరుకు ఊరికే వస్తుంది, పని చేసేవాళ్ళు వాలంటీర్లు, ఇచ్చిన సామాను అమ్మితే వ్యాట్ లేదు, షాపు మీద కట్టే బిజినెస్ రేట్స్ అనే పన్నులో 80 శాతం మాఫీ, మరి ఇంకా పెంచడం దేనికి అని. నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని. కానీ మేనేజర్‌కి జీతం ఇవ్వాలి. 2021లో కనీస వేతనం గంటకి 8.91 పౌండ్లు, 2025 ఏప్రిల్‌లో 12.21 అయింది. ఆ నెల నుంచే జీతాల మీద యజమాని ప్రభుత్వానికి కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. అద్దె, కరెంటు సరే సరి, 2022 అక్టోబర్‌లో ఇక్కడ ద్రవ్యోల్బణం 11.1 శాతానికి పోయినప్పుడు మా ఇంట్లోనే హీటర్ వేయాలంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. పైగా మంచి బట్టలుంటే జనం ఇప్పుడు వాళ్ళే ఫోటో తీసి వింటెడ్ అనే యాప్‌లో అమ్ముకుంటున్నారు, అక్కడ పోనివి షాపుకి వస్తున్నాయి.

అసలు మార్పు వేరే చోట ఉందని నాకనిపిస్తుంది. ఇదివరకు వెనక గదిలో కూర్చున్న పెద్దవాళ్ళు చేత్తో పట్టుకుని, "ఊఁ, మూడు" అని రాసేసేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ తీసి వెతుకుతున్నారు. బ్రాండ్ పేరు కొట్టడం, ఈబేలో ఎంతకి పోతోందో చూడడం, దానికి పదో పాతికో తగ్గించి స్టిక్కర్ వేయడం. పొద్దున షాపు తెరవగానే వచ్చి పుస్తకాల బార్‌కోడ్లు స్కాన్ చేసుకుని మంచివి ఎత్తుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు నలుగురున్నారు, వాళ్ళని చూశాకే షాపువాళ్ళు కూడా నేర్చుకున్నారని పెద్దావిడ చెప్పింది. న్యాయమే. వాళ్ళు పెట్టింది సేవకి డబ్బు పోగేయడానికి, నాకు చవగ్గా కోటు అమ్మడానికి కాదు. కానీ ఒకటి, నా వెనక లైన్లో నిలబడి పిల్లాడి స్కూలు ప్యాంటు 4 పౌండ్లు చూసి వెనక్కి పెట్టేసిన అమ్మాయికి ఈ లెక్క నేను చెప్పలేను.

అయితే ఫోన్‌లో వెతకాలంటే పేరుండాలి కదా. పేరు లేనివాటి ధర ఇంకా పాత పద్ధతిలోనే పడుతోంది, ఈ షాపులో కొనేవాళ్ళకి లాభమంతా అక్కడే ఉంది. రంగు రంగుల ఎనామెల్ వేసిన ఫ్రెంచ్ బ్రాండ్ గిన్నె అద్దాల బీరువాలో తాళం వేసి 65 పౌండ్లు. దాని కిందే నేల మీద అట్టపెట్టెలో, తుప్పు పట్టి, ఏ పేరూ లేని పోత ఇనుప పెనం, 3 పౌండ్లు. చేత్తో ఎత్తితే మణికట్టు వంగింది. తెచ్చి స్టీలు పీచుతో తుప్పంతా వదలగొట్టి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, ఇలా ఒక శనివారమంతా పోయింది. స్మోక్ అలారం రెండుసార్లు మోగింది. మొదటి మూడు దోశలు గుండ్రంగా కాదు కదా, అసలు పెనం వదిలి రాలేదు. నాలుగో దానికి ముందు సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది వేస్తే, అంచులు వాటంతటవే లేచాయి. ఇప్పుడా పెనం మీద వచ్చే పెసరట్టు చూస్తే నాన్‌స్టిక్ మొహం చూడబుద్ధి కాదు.

కర్టెన్లు కూడా అంతే, ఎవరూ కొలుచుకుని రారు కాబట్టి చవగ్గా పడుంటాయి. మందపాటి అస్తరు ఉన్నవి జత 10 పౌండ్లకి తెచ్చి హాల్లో వేశాం. ఉన్ని స్వెటర్లు కొనాలంటే మెడ వెనక లేబుల్లో కంపెనీ పేరు చూడకండి, పక్క కుట్టులో ఉండే చిన్న లేబుల్లో ఉన్ని ఎంత శాతం ఉందో చూడండి. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకి ఎత్తి పట్టుకోండి, చిమ్మట కొట్టిన చిల్లులు చుక్కల్లా కనిపిస్తాయి. ఇంటికి తెచ్చాక నేను ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెడతాను, గుడ్లేమైనా ఉంటే చస్తాయి. మా ఆయన ఫ్రోజెన్ మునక్కాడల కోసం చెయ్యి పెట్టి స్వెటర్ లాగినప్పుడల్లా ఒక నమస్కారం పెడతాడు.

కొనకూడనివి: బ్రాండ్ జీన్స్, మిక్సీలు, పజిల్స్ (చివరి ముక్క ఉండదు, రాసిస్తాను). ట్రయల్ రూమ్ కోవిడ్‌లో మూసేసి అందులో అట్టపెట్టెలు పేర్చారు, అవి ఇంకా అక్కడే ఉన్నాయి. అద్దం ముందు కోటు మీదే వేసుకుని చూసుకోవాలి. సైజుల వారీగా పెట్టరు, రంగుల వారీగా పెడతారు, చూడ్డానికి బాగుంటుంది, వెతకడానికి నరకం.

పోయిన వేసవిలో అమ్మ ఇక్కడికొచ్చింది. పది రోజులు షాపు బయటే నిలబడింది, పదకొండో రోజు వాన పడి లోపలికొచ్చింది. నేరుగా వెళ్ళి అద్దాల బీరువా పక్కన షెల్ఫ్ ముందు ఆగిపోయింది. ఇత్తడి మరచెంబు. నల్లబడిపోయింది, పైన పిడి, మర మూత, అచ్చం మా అమ్మమ్మ రైల్లో మంచినీళ్ళు పట్టుకెళ్ళేదే. దాని మీద చీటీ: ఇండియన్ బ్రాస్ అర్న్, మూత బిగుసుకుపోయింది, 9 పౌండ్లు. అర్న్ అంటే ఏమిటే అని అడిగితే, ఇక్కడ చితాభస్మం పెట్టుకునే పాత్రని అలా అంటారని చెప్పాను. అమ్మ మొహం చూడాలి. కౌంటర్ దగ్గర ఉన్న వాలంటీర్ కుర్రాడికి తెలుగులోనే, "చితాభస్మం ఏమిటి బాబూ, మంచినీళ్ళ చెంబు ఇది" అని చెప్పి, ఆ వెంటనే బేరం మొదలుపెట్టింది, అయిదు వేళ్ళు చూపించి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మూత రాదని వాళ్ళే రాశారుగా, పాడైనదానికి తొమ్మిదేమిటి, అడుగు" అని నన్ను పొడుస్తూ, మాటల్లో మాటగా చీరకొంగుతో మూత పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. వచ్చేసింది. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. బేరం అక్కడితో అయిపోయింది, 9 పౌండ్లూ ఇచ్చాం. దారి పొడుగునా "నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను" అని ఒకటే గొణుగుడు. చింతపండుతో తోమి తెనాలి తీసుకెళ్ళింది. ఎవరో కట్టి విడిచిన బట్టలు వద్దన్న మనిషి, ఎవరు నీళ్ళు తాగారో తెలియని చెంబు మాత్రం దేవుడి గదిలో పెట్టింది.

ఇవ్వడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పని ఈ షాపు బాగా చేస్తుంది. సంచి తీసుకెళ్తే, మీరు ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ కడతారా అని అడుగుతారు. కడితే గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపించుకుని మీ పేరు మీద బార్‌కోడ్ స్టిక్కర్లు ఇస్తారు, మీ సామాను అమ్ముడైన ప్రతి పౌండుకీ ప్రభుత్వం నుంచి ఇంకో 25 పెన్నీలు వాళ్ళకి వస్తాయి. ఎంతకి అమ్ముడయ్యాయో మనకి మెయిల్ చేస్తారు. మా పాత సోఫా మాత్రం తీసుకోలేదు, అడుగున ఫైర్ లేబుల్ (త్వరగా నిప్పంటుకోదని చెప్పేది) నేనే గుచ్చుకుంటోందని కత్తిరించేశాను, అది లేకపోతే 1988 నాటి రూల్స్ ప్రకారం అమ్మకూడదట. అమ్ముడుపోని బట్టలు కిలోల లెక్కన పాత బట్టల వ్యాపారులకి వెళ్తాయి, అక్కడి నుంచి ఘనాలో కాంటమాంటో సంత లాంటి చోట్లకి. ఇలాంటి పాత ఉన్ని బట్టల్ని మన పానిపట్‌లో చించి నూలు తీసి దుప్పట్లు నేస్తారు. అస్తమానం ఇవ్వడమే పుణ్యం అనుకుని చిరిగినవి కూడా సంచిలో వేసేవాళ్ళు ఉంటారు, పెద్దావిడ వాళ్ళని పేరు పెట్టి తిట్టదు గానీ ఆ చూపు చాలు.

మార్చిలో నేనూ ఒక సంచి ఇచ్చాను, అందులో హైదరాబాద్ శిల్పారామంలో 450 రూపాయలకి కొన్న కలంకారీ కుర్తా ఒకటి, చంకల దగ్గర బిగుతైపోయింది. వారం తర్వాత బస్సు దిగి వస్తుంటే షాపు కిటికీలో బొమ్మకి తొడిగి ఉంది, నడుముకి బెల్టు కూడా పెట్టారు, 14 పౌండ్లు. నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపం వచ్చింది, తర్వాత అబ్బ ఎంత బాగుందో అనిపించింది. రెండు రోజులు ఆ కిటికీ ముందు ఆగి ఆగి వెళ్ళాను. మూడో రోజు లేదు. జూన్‌లో మెయిల్ వచ్చింది, మీ సామాన్లు మొత్తం 31 పౌండ్లకి అమ్ముడయ్యాయి, థాంక్యూ అని. స్టిక్కర్ మీద స్టిక్కర్ వేశారో లేదో మాత్రం అందులో రాయలేదు.