హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఆదాయం మార్పు చెప్పడం: రెండేళ్ళు వాడాక నా రివ్యూ

అమెరికాలో మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్, అదే మనవాళ్ళు ఒబామాకేర్ అనేది, తీసుకుని ప్రభుత్వ సబ్సిడీతో నెట్టుకొస్తున్న తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ప్లాన్లు ఎలా ఉన్నాయో నేను చెప్పబోవడం లేదు. ఏడాది మధ్యలో సంపాదన పెరిగినా తగ్గినా ఆ సంగతి చెప్పుకోవడానికి, ఈ ఇన్సూరెన్స్ తీసుకునే ప్రభుత్వ సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో ఒక సదుపాయం ఉంది, రివ్యూ దానికే. అయిదుకి నాలుగు ఇస్తున్నాను.

ముందు మాకు తగిలిన దెబ్బ చెప్తాను. 2023 చివర్లో మా ఆయన ఉద్యోగం పోయింది. సొంతంగా కాంట్రాక్టులు చేసుకుంటానన్నారు, సరే అని 2024కి మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ తీసుకున్నాం. మేం నలుగురం, ఏడాదికి 60,000 డాలర్లు వస్తాయేమో అని అంచనా రాశాం. జూన్‌లో మంచి ప్రాజెక్టు దొరికి, డిసెంబరుకి లెక్క చూసుకుంటే 92,000 తేలింది. నాకు జులైలోనే అనుమానం వచ్చి ప్లాన్ పెట్టించిన ఏజెంటుని అడిగాను. "ఇప్పుడేం అక్కర్లేదండీ, ఏప్రిల్‌లో టాక్స్ ఫైల్ చేసేటప్పుడు అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ మాట నమ్మి ఊరుకున్నాం, ఏప్రిల్‌లో 3,150 డాలర్లు వెనక్కి కట్టాం. డబ్బు ఒక ఎత్తు, సబ్సిడీ లెక్క తేల్చే టాక్స్ ఫారం 8962 ముందు పెట్టుకుని ఆ వారమంతా పడ్డ టెన్షన్ ఒక ఎత్తు.

ఎందుకంతైందో తర్వాత కూర్చుని లెక్క వేశాను. సబ్సిడీ అంటే మన ఏడాది ఆదాయం అంచనాని బట్టి ప్రభుత్వం ముందుగానే ఇన్సూరెన్స్ కంపెనీకి కట్టేసే టాక్స్ క్రెడిట్. 2024 నిబంధనల ప్రకారం 60,000 మీద మా వంతు ఏడాదికి 1,200 డాలర్లు, అదే 92,000 అయితే 5,670 దాకా. తేడా దాదాపు 4,470. మా స్థాయి ఆదాయానికి ఆ ఏడాది వెనక్కి కట్టడానికి 3,150 అని పరిమితి ఉండబట్టి అక్కడ ఆగింది. ఇప్పుడు ఆ పరిమితి లేదు. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని తీసేసింది, 2026 సంవత్సరం నుంచి ఎక్కువ తీసుకున్నదంతా చివరి డాలరు దాకా తిరిగి కట్టాలి. దీనికి తోడు 2021 నుంచి ఉన్న అదనపు సబ్సిడీ 2025తో ముగిసింది కాబట్టి, 2026లో నలుగురి కుటుంబం ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే సబ్సిడీ అసలుకే ఉండదు. సంవత్సరం చివర షేర్లు అమ్మి ఆ గీత దాటినా సరే, జనవరి నుంచి తీసుకున్నది మొత్తం కట్టాల్సిందే. అందుకే ఈ రివ్యూ ఇప్పుడు రాస్తున్నాను.

2025లో మాకు దీనికి తలకిందులుగా జరిగింది. 90,000 అని రాసుకున్నాం, మార్చిలో ప్రాజెక్టు ఆగిపోయింది. ఈసారి ఏజెంటుని అడగలేదు, నేనే లాగిన్ అయ్యాను. ఆ ఏడాది అప్లికేషన్ తెరిస్తే లైఫ్ చేంజ్ రిపోర్ట్ చెయ్యమనే లింకు ఎడమ పక్కనే ఉంటుంది. మనం ముందు రాసిన జవాబులన్నీ అలాగే ఉంటాయి, మారినవి మాత్రం మార్చుకుంటూ పోవడమే. 68,000 అని మార్చాను, మొత్తం పాతిక నిమిషాలు పట్టింది. తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి మా ప్రీమియం నెలకి రెండు వందల యాభై డాలర్ల పైనే తగ్గింది. పని లేని నెలల్లో అది మాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. ఏప్రిల్ దాకా ఆగితే ఆ డబ్బు వచ్చేదే, కానీ మాకు కావాల్సింది అప్పుడు.

ఒక్క చోట జాగ్రత్త. ఇప్పుడు ఎంత సబ్సిడీ వస్తుందో చెప్పే కొత్త ఎలిజిబిలిటీ నోటీసు కనబడగానే పని అయిపోయిందనుకుని చాలామంది బయటికొచ్చేస్తారు. అక్కడ ఆగకండి, ముందుకెళ్ళి అదే ప్లాన్‌ని మళ్ళీ కన్‌ఫర్మ్ చెయ్యండి. ఆదాయానికి రుజువు అడిగితే 90 రోజులు టైమిస్తారు. సొంత పని కాబట్టి మాకు పే స్టబ్‌లు లేవు, ఏ నెల ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది అని రాసుకున్న లెడ్జర్ అప్‌లోడ్ చేశాను, ఒప్పుకున్నారు. మార్పు జరిగిన 30 రోజుల్లోపు చెప్పాలన్నది రూలు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు ప్రశ్నల భాషకి. సైటు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ మాత్రమే ఉంది (ఫోన్ చేస్తే ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగానే ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి). హౌస్‌హోల్డ్ అనగానే మనవాళ్ళు ఇంట్లో ఉన్న అందరినీ రాసేస్తారు. వాళ్ళు అడిగేది టాక్స్ రిటర్న్‌లో ఉన్నవాళ్ళని. మీ బావమరిది మీ ఇంట్లోనే ఉండి వేరేగా ఫైల్ చేస్తుంటే ఆయన జీతం మీ లెక్కలోకి రాదు. అత్తగారిని డిపెండెంట్‌గా చూపిస్తే ఆవిడ లెక్కలో మనిషే, కానీ ఆవిడ సొంతంగా రిటర్న్ వెయ్యాల్సినంత ఆదాయం లేకపోతే ఆ ఆదాయం కలపక్కర్లేదు.

మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇండియా డబ్బు. అక్కడి ఫ్లాటు మీద వచ్చే అద్దె, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ ఇవన్నీ ఇక్కడి ఆదాయమే. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది, కాబట్టి అదీ కలపాలి. నిరుద్యోగ భృతీ కలపాలి. అమ్మానాన్నలు పంపిన బహుమతి డబ్బు కలపక్కర్లేదు. మామూలు 401కె రిటైర్మెంట్ ఖాతాలో వేసుకున్నది ఆదాయంలోంచి తగ్గుతుంది, గీతకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఇది చాలా పనికొస్తుంది. రాసేది మాత్రం నెల జీతం కాదు, ఇప్పటిదాకా వచ్చిందీ డిసెంబరు దాకా రాబోయేదీ కలిపిన మొత్తం.

ఇంట్లో ఎవరికైనా కొత్త ఉద్యోగం వచ్చి అక్కడ ఇన్సూరెన్స్ ఇస్తామంటే అది కూడా చెప్పండి. వద్దనుకున్నా సరే, అది నిబంధనల ప్రకారం అందుబాటు ధరలో ఉంటే సబ్సిడీ ఆగుతుంది. ఆదాయం బాగా తగ్గినప్పుడు పిల్లల్ని చిప్‌కి, అంటే పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి, మార్చే అవకాశం ఉంది, వాళ్ళ డాక్టరు అందులో ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌ని విస్తరించని టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో పెద్దవాళ్ళ సంగతి ఇంకా సున్నితం, అంచనా పేదరిక రేఖ కిందికి పోతే చాలామందికి ఇటు సబ్సిడీ అటు మెడికెయిడ్ రెండూ రావు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, జార్జియా వాళ్ళకి వేరే సైట్లున్నాయి, సబ్సిడీ లెక్క అదే. హెచ్-1బి మీద ఉండి సబ్సిడీ తీసుకుంటున్నవాళ్ళకి 2027 నుంచి అది ఉండదు, ఇప్పటినుంచే వేరే దారి చూసుకోండి.

ఇంకో మంచి విషయం, వచ్చే సబ్సిడీ అంతా ముందే తీసుకోవాలని లేదు, కొంత తగ్గించి మిగతాది టాక్స్ రిటర్న్‌లో తీసుకోవచ్చు. మేం ఈ ఏడాది అలాగే పెట్టుకున్నాం. నెలాఖరున మా ఆయన ఇన్వాయిస్‌లు పంపగానే ఇద్దరం కూర్చుని మొత్తం కూడి అంచనాతో పోల్చుకుంటున్నాం, మార్చిలో ఒకసారి వెళ్ళి మార్చొచ్చాను కూడా.