వానకు బెదరదు, గునపానికి తడబడుతుంది: యాక్సిల్ కౌంటర్‌తో ఏడేళ్లు

మహబూబ్‌నగర్ వైపు రైల్వే యార్డుల్లో, పట్టాల్లో కరెంటు పారించి రైలు ఉందో లేదో చెప్పే పాత డీసీ ట్రాక్ సర్క్యూట్లకు వానాకాలమే గండం. మట్టి పేరుకున్న కంకరలో నీళ్లు నిలిస్తే కరెంటు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు కారిపోతుంది, రిలే పడిపోతుంది, రైలు లేకున్నా సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. రైలు ఇరుసులు లెక్కబెట్టి లైను ఖాళీయో కాదో చెప్పే డిజిటల్ యాక్సిల్ కౌంటర్ వచ్చాక ఆ బాధ తప్పింది.

పట్టా బయటివైపు ట్రాన్స్‌మిటర్ కాయిల్, లోపలివైపు రిసీవర్ కాయిల్. ఇలా రెండు జతలు: ఒకటి 21, రెండోది 23 కిలోహెర్ట్జ్. చక్రం దాటితే ఒక ఇరుసు లెక్కలో పడుతుంది; ఏ జత ముందు పసిగట్టిందో చూసి రైలు ఎటు పోతోందో తెలుస్తుంది. లోపలికి పోయిన ఇరుసులూ బయటికొచ్చినవీ సరిపోతేనే లైను ఖాళీ.

కాయిల్ పక్కన గునపం ఆడిస్తే చాలు, లేని ఇరుసు లెక్కకొస్తుంది. పట్టాల కింద కంకర కుదించే ట్యాంపింగ్ మెషీన్ వచ్చినప్పుడు విప్పిన కాయిల్‌ను తిరిగి సరిగా బిగించకపోతే, రైళ్ల అదురుకు అది మెల్లగా జరుగుతుంది. లోపం వస్తుంది, మనం వెళ్లేలోపు పోతుంది. అందుకే ఎలక్ట్రానిక్ కార్డులు మార్చే ముందు స్పానర్ పట్టాలి. బిగించాక నట్టు మీద, క్లాంపు మీద కలిపి ఒక పెయింటు గీత గీస్తే జరిగిందీ లేనిదీ దూరం నుంచే కనబడుతుంది.

పిడుగు కరెంటును నేలలోకి దించే ఎర్తింగ్ నిరోధం 1 ఓమ్ దాటకూడదు. నల్లరేగడి జూలైలో బ్రహ్మాండమైన రీడింగ్ ఇస్తుంది. ఏప్రిల్‌కల్లా బీటలిచ్చి ఎర్తింగ్ కడ్డీని వదిలేస్తుంది. పిడుగులు పడేది ఆ తర్వాతే. కాబట్టి కొలత ఎండల్లోనే తీయాలి.

బ్లాక్ సెక్షన్‌లో, అంటే రెండు స్టేషన్ల మధ్య లైనులో, లెక్క తప్పినప్పుడు రీసెట్ చేసినా వెంటనే ఖాళీ చూపదు. ఒక రైలు దాటి లెక్క సరిపోవాలి. ఆలస్యమని విసుక్కునేవాళ్లు ఉన్నారు, మాకు మాత్రం ఇందులో బాగా నచ్చింది ఇదే: లోపల రైలు ఉండగా పొరపాటున ఖాళీ అనదు.

హైదరాబాద్ మెట్రోలో 2017 నుంచే సీబీటీసీ (రేడియోతో రైళ్లను నియంత్రించే పద్ధతి) ఉండగా ఇంకా ఇరుసుల లెక్కేంటని అడుగుతుంటారు. సీబీటీసీలో రైలు తానెక్కడుందో రేడియోలో చెబుతుంది. ఆ రేడియో మూగబోయినప్పటి కోసం చాలా మెట్రోలు పట్టాల మీద యాక్సిల్ కౌంటర్ కూడా ఉంచుకుంటాయి.

పెద్ద లోటు ఒకటే: పట్టా విరిగితే దీనికి తెలియదు. ట్రాక్ సర్క్యూట్ కొంతవరకైనా పట్టేది. చలికాలం తెల్లవారుజామున పట్టాల వెంట నడిచి వాటిని పరిశీలించే కీమ్యాన్ నడక దీనివల్ల ఒక్క అడుగు కూడా తగ్గదు.