పాత వెండి రూపాయి అసలుదేనా: ఇంటి త్రాసా, కంసాలి గీటురాయా, గ్రేడింగ్ సంస్థా?

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మామూలు సంవత్సరాల విక్టోరియా, జార్జి రూపాయలకు ఇంటి త్రాసు, భూతద్దం చాలు. అరుదైన సంవత్సరమని ఎవరైనా ధర పెంచితే మాత్రం త్రాసు మాట వినకండి.

ముందు బరువు. 1939 దాకా ముద్రించిన బ్రిటిష్ ఇండియా రూపాయి సరిగ్గా పాత తులం, అంటే 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం. చేతులు మారి అరిగితే బరువు కాస్త తగ్గుతుంది. అయితే నకిలీ చేసేవాడి దగ్గరా త్రాసు ఉంటుంది కాబట్టి నీటి పరీక్ష కూడా చేయాలి. గ్రాములో వందో వంతు చూపే త్రాసుపై నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగునూ అంచులనూ తాకకుండా ముంచండి. అసలు రూపాయికి త్రాసు సుమారు 1.13 గ్రాములు చూపుతుంది. అదే బరువున్న రాగి-నికెల్ నకిలీకి 1.30 వస్తుంది. 1940లకు ముందటి నిజాం చార్మినార్ రూపాయి లెక్క వేరు: 11.18 గ్రాములు, 81.8 శాతం వెండి, నీళ్లలో 1.10. ఇక 1940 నుంచి బ్రిటిష్ రూపాయిలో వెండి సగానికి పడిపోయింది, దాన్ని ఈ అంకెలతో తూచి నకిలీ అనేయకండి.

కంసాలి దగ్గరికి వెళ్లడం నాకు నచ్చని దారి. గీటురాయి మీద గీస్తే అంచు పోతుంది, ఆమ్లం వేస్తే మచ్చ మిగులుతుంది. ఎక్స్-రే యంత్రం నాణేన్ని గాయపరచదు కానీ పైపొరనే చదువుతుంది. మందంగా వెండి పూత పూస్తే దానికీ తెలియదు.

అసలు చిక్కు ఇవన్నీ లోహాన్నే చెప్పడంలో ఉంది. 1939 రూపాయి చాలా అరుదు. 1938 నాణెం మీద ఎనిమిదిని తొమ్మిదిగా మలిస్తే బరువు, వెండి, నీటి లెక్క అన్నీ నిజమే, సంవత్సరం ఒక్కటే అబద్ధం. పది రెట్లు పెంచే భూతద్దంలో ఆ అంకె చుట్టూ చెక్కిన గీతలు వెతకాలి. 1911 జార్జి రూపాయిలో రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గోల రేగి, 1912లో బొమ్మను మార్చారు. 1912 నాణేన్ని 1911గా మలిచారేమో తేల్చాలంటే చూడాల్సింది ఆ తొండాన్ని.

ఇలాంటి వాటికే గ్రేడింగ్ సంస్థ పనికొస్తుంది. అమెరికాలోని ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటివి అసలుదో కాదో తేల్చి, 70 వరకు ఉన్న కొలమానంలో అంకె ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి పంపుతాయి. మన ఇళ్లలో చింతపండు పెట్టి తోమిన నాణేలకూ, దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన వాటికీ ఆ అంకె సాధారణంగా దక్కదు. ఆ పెట్టెలకూ నకిలీలు ఉన్నాయి, కాబట్టి కొనేముందు దాని నంబరును సంస్థ సైటులో సరిచూడాలి. మామూలు జార్జి రూపాయికి ఈ ఖర్చు దండగ. పైగా 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని మనం దేశం దాటించకూడదు. మన దగ్గరున్న 1911 రూపాయిని అమెరికాకు పంపే మాటే లేదు, ఇక్కడే అనుభవజ్ఞుల చేత పరీక్ష చేయించుకోవాలి.

ఒక వైపు రాముడి కొలువు, మరో వైపు ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818’ అని ఉన్న బిళ్లకు, అది ‘రైస్ పుల్లింగ్’ చేస్తుందని, అంటే బియ్యపు గింజలను తనవైపు లాక్కుంటుందని, ఎవరు ఎంత చెప్పినా, ఏ పరీక్షా అవసరం లేదు. కంపెనీ అలాంటి నాణెం ముద్రించనే లేదు.