తేలినీలాపురమా, తేలుకుంచా? ఏ నెలలో ఎటు వెళ్లాలి

శ్రీకాకుళం జిల్లాకు పక్షుల కోసం వచ్చేవాళ్లలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి రెండూ ఒక్కరోజులో చూసేద్దామని కారెక్కుతారు. రెండూ పదహారో నంబరు హైవేకి దగ్గర్లోనే ఉన్నాయి కదా అని. దూరం సంగతి అటుంచితే, అసలు ఆ పక్షులే వేరు, వాటి కాలమే వేరు. జనవరిలో తేలుకుంచి వెళితే ఉత్త చెట్లు కనిపిస్తాయి. జులైలో తేలినీలాపురం వెళ్లినా అంతే. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం రెండుచోట్లా పక్షులుంటాయి. అప్పుడు తేలుకుంచిలో పిల్లలు ఎగరడానికి సిద్ధమవుతుంటాయి, తేలినీలాపురంలో ఇంకా పుల్లలు ఏరుకుంటుంటాయి. పైగా అవి తుపాన్ల నెలలు. ఒక ఊరు ఎంచుకుని, దాని కాలంలో దానికి వెళ్లడమే మంచిది.

తేలుకుంచికి వానాకాలంలో వెళ్లాలి. జూన్‌లో తొలకరి పడగానే ఓపెన్‌బిల్ కొంగలు దిగుతాయి. ఉభాలు, అంటే వరినాట్లు మొదలయ్యేసరికి గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. వాటి తిండి నత్తగుల్లలు. మళ్లలో నీళ్లు నిలిస్తేనే గుల్లలు బయటికొస్తాయి కాబట్టి వానకీ వీటి రాకకీ అంత దగ్గర లంకె. పక్షులొస్తే వానలొస్తాయని ఊరివాళ్లు అనేది ఊరికే కాదు. గుడ్లు పొదగడానికి మూడున్నర వారాలు పడుతుంది. అందుకే జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా చూడాల్సిన కాలం. బైనాక్యులర్ ఉంటే ముక్కు మీద పెట్టి చూడండి. పై ముక్కుకీ కింది ముక్కుకీ నడుమ సందు ఉంటుంది, అందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. ఆ సందుతో గుల్లని పగలగొడుతుందనుకుంటారు గానీ, నిజానికి పగలగొట్టదు. పై ముక్కుతో గుల్లని నేలకి అదిమి, కింది ముక్కు కొనని గుల్ల మూత కిందికి దూర్చి, కండని కోసి నత్తని బయటికి లాగేస్తుంది. గుల్ల దాదాపు చెక్కుచెదరదు. పొలం గట్ల మీద అలాంటి ఖాళీ గుల్లలు కుప్పలుగా కనిపిస్తే కొంగలు మేసిన చోటని గుర్తు. గూటిలో పిల్లలకి ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. పిల్లని, పెద్దదాన్ని పోల్చుకోవడానికి ఇంతకంటే తేలిక గుర్తు లేదు.

ఇక్కడ టిక్కెట్టు, గేటు లాంటివి వెతక్కండి. గూళ్లు ఊళ్లోని చింత, మర్రి చెట్ల మీద, వెదురు పొదల మీద, ఇళ్ల పెరళ్లలో ఉంటాయి. ఎవరి పెరట్లోకైనా అడిగే వెళ్లాలి. కాలం ముదిరాక రెట్ట వాసన గట్టిగా ఉంటుంది. ఆ వాసనని ఏటా భరిస్తున్నది ఊరివాళ్లు, ముక్కు మూసుకుని ఫొటోలు దిగితే వాళ్లకి కోపం రావడం సహజమే. గొడుగు తప్పనిసరి, వానకే కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి ఇక్కడ చాలా కొంగలు చనిపోయాయి. ఇలాంటి చోట పెద్ద చెట్టు ఒక్కటి పడితే పదుల గూళ్లు పోతాయి, కొత్త చెట్టు ఆ ఎత్తుకి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది.

తేలినీలాపురం చలికాలపు ఊరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితోపాటు ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు, వార్తల్లోనూ అదే రాస్తారు. అది తప్పు. ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతుంటాయి. ఉత్తరాది చలి నుంచి నిజంగా వచ్చే అతిథుల్ని చూడాలంటే నౌపడా ఉప్పు మళ్ల వైపు వెళ్లాలి, అక్కడ బురదలో పొడుచుకు తినే ఉల్లంకి పిట్టలే ఆ బాపతు.

డిసెంబరు, ఫిబ్రవరి మధ్య వెళితే గూళ్లలో అన్ని వయసుల పిల్లలూ ఉంటాయి. అటవీ శాఖ వ్యూ టవరు, చిన్న మ్యూజియం ఉన్నాయి. మ్యూజియానికి పది నిమిషాలు చాలు, టవరు మీద రెండు గంటలు కూర్చోండి. ఉదయం ఆరున్నర కల్లా పైన ఉండాలి. తొమ్మిది దాటి ఎండ వేడెక్కితే గాలి పైకి లేస్తుంది, పెద్ద పక్షులు ఆ గాలిని పట్టుకుని రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ మేతకి వెళ్లిపోతాయి. పదకొండింటికి వచ్చినవాళ్లు ‘పక్షులేవీ’ అనడం అందుకే. మళ్లీ మూడున్నర తర్వాతే సందడి. వినిపించే గోలంతా పిల్లలదే, పెద్ద కొంగలకి దాదాపు గొంతు లేదు, ముక్కులు టకటకలాడిస్తాయంతే. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తినడం, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎర్రకాళ్ల కొంగ రెక్కలు సగం విప్పి పిల్లలకి నీడ పట్టడం, ఈ రెండూ చూడకుండా దిగకండి. 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. కెమెరాకైతే 400 మిల్లీమీటర్ల లెన్సు కావాలి, సెల్‌ఫోన్‌తో తెల్ల చుక్కలే వస్తాయి. ఫ్లాష్, డ్రోన్, హారన్ వద్దు. పెద్ద పక్షి బెదిరి ఒక్కసారి లేస్తే గుడ్లు దొర్లిపడతాయి, కాకులు కాచుకుని ఉంటాయి.

చెట్లని కాపాడితే పక్షుల్ని కాపాడినట్టు కాదని ఈ ఊరు చూపించింది. 2021-22 చలికాలంలో ఇక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి, వాటి ఒంట్లో నులిపురుగులు కనిపించాయి. ఆ పురుగులు చేరేది మేసే చేపల నుంచే. మేత నౌపడా, భావనపాడు వైపు తంపరలోనూ, అంటే చిత్తడి నేలలోనూ, చుట్టుపక్కల చెరువుల్లోనూ ఉంది. అక్కడి నీళ్లు పాడైతే టవరు దగ్గర ఎంత కాపలా కాసినా లాభం లేదు.

బసకి టెక్కలి లాడ్జీలు దగ్గర, గదులు మామూలువే. పిల్లలతో వస్తే శ్రీకాకుళంలో దిగి తెల్లవారుజామున బయల్దేరడం నయం, గంటకి పైనే ప్రయాణం. రైల్లో వచ్చేవాళ్లకి నౌపడా జంక్షన్ దగ్గర, కానీ పెద్ద బళ్లు ఎక్కువగా ఆగేది పలాసలో. తేలుకుంచికైతే ఇచ్ఛాపురంలో ఉండొచ్చు, ఇంకొంచెం మంచి గది కావాలంటే రాష్ట్రం దాటి బరంపురం. ఆటో రానూపోనూ, ఆగే గంటలతో కలిపి ముందే బేరమాడుకోండి, ఊళ్లోంచి తిరుగు ఆటో దొరకదు. టిఫిను, నీళ్లు వెంట తెచ్చుకోవాలి.

చెట్టు కింద పిల్ల పడి కనిపిస్తే నోట్లో నీళ్లు పోయకండి. వీటి శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోవచ్చు. కుక్కలు రాకుండా పక్కన నిలబడి అటవీ సిబ్బందిని పిలవండి.