వానలో ఆరేళ్లు నాతో నడిచిన ఫ్లాస్కు

పోయిన వారం వేడినీళ్లు పోసి మూత బిగిస్తుంటే ఫ్లాస్కు అరచేతికి వెచ్చగా తగిలింది. ఆరేళ్లలో అలా ఎప్పుడూ తగల్లేదు. లోపల మరిగే నీళ్లున్నా పైన చల్లగా ఉండాలి, అది దాని పని. పైన వెచ్చబడిందంటే రెండు స్టీలు గోడల మధ్య ఉండాల్సిన శూన్యంలోకి ఎక్కడి నుంచో గాలి దూరిందని అర్థం. దాన్ని ఇంట్లో బాగుచేసుకోలేం. కొత్తది కొనాల్సిందే. కొనేముందు, ఇన్నేళ్ల వాన నడకల్లో దీనితో నేను పడ్డ ఇబ్బందులూ, దీనివల్ల దొరికిన సుఖాలూ రాసిపెట్టాలనిపించింది.

అర లీటరు పట్టే మామూలు స్టీలు ఫ్లాస్కు ఇది. పైమూతే కప్పు. కంపెనీ పేరు రాయను, ఈ రకంవన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. నేను రోజూ పొద్దున నడుస్తాను. వాన పడితే మానను, ఆ రోజు ఇంకాస్త దూరం వెళ్తాను. తరచూ నాన్న కూడా వస్తారు. రెండు, రెండున్నర గంటలు తిరిగి, మధ్యలో ఎక్కడో ఒక చూరు కింద ఆగి, వేడిగా ఏదో ఒకటి తాగుతాం. ఆ ఆగే పది నిమిషాల కోసమే ఫ్లాస్కు మోస్తాను.

వేడి గురించి ముందే చెప్పేస్తాను. ఆ విషయంలో దీనికి వంక పెట్టలేను. మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఫ్లాస్కును వెచ్చబెట్టి, అవి పారబోసి, మళ్లీ మరిగే నీళ్లు నిండా పోస్తే మూడు గంటల తర్వాత వంటింటి థర్మామీటరులో 85 డిగ్రీల దగ్గర చూపించేది. ఆరు గంటలకు 75 దగ్గర. వెచ్చబెట్టకుండా పోస్తే నాలుగైదు డిగ్రీలు తగ్గేది, ఎందుకంటే చల్లగా ఉన్న లోపలి గోడ తన వాటా ముందే లాగేసుకుంటుంది. సగమే నింపినా త్వరగా చల్లారుతుంది. గోడల మధ్య గాలి లేదు కాబట్టి వేడి అటునుంచి పోవడానికి దారి దాదాపు లేదు, పోయేదంతా ఎక్కువగా మూత, మెడ దగ్గరే. అందుకే ఫ్లాస్కు కొనేటప్పుడు ఒంటి మెరుపు చూడకుండా మూత ఎంత మందంగా ఉందో చూడమంటాను.

రుచి విషయంలో మాత్రం మొదటి రెండేళ్లు నన్ను చాలా బాధపెట్టింది. పొద్దున్నే అల్లం దంచి, చిక్కటి పాలతో టీ పెట్టి, వడగట్టి నింపేదాన్ని. రెండు గంటలు నడిచాక మూత తీస్తే పొగలు కక్కుతూ ఉండేది. నోట్లో పోసుకుంటే అది నేను పెట్టిన టీ అనిపించేది కాదు. రంగు ముదిరిపోయి, పాలు అతిగా కాగిన వాసన వేసి, నాలుక మీద ఒగరు మిగిలేది. ఆకు మార్చి చూశాను, చక్కెర తగ్గించి చూశాను, ఫ్లాస్కు సరిగ్గా కడగలేదేమో అని తోమి తోమి చూశాను. ఏం చేసినా అదే. రెండుసార్లయితే పాలు ఏకంగా విరిగిపోయాయి. దానికి కారణం తర్వాత తెలిసింది: పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరగనిస్తే దాని శక్తి పోతుంది, ఆ తర్వాతే పాలు పోయాలి. నేను తొందరలో పాలు పొంగుతుండగా అల్లం వేసేదాన్ని.

అల్లం సంగతి సర్దుకున్నా రుచి సంగతి సర్దుకోలేదు. టీ కప్పులోకి వచ్చాక కూడా మారుతూనే ఉంటుంది. బాగా వేడిగా ఉన్నంతసేపూ పాలలోని ప్రొటీన్లూ చక్కెరలూ మెల్లగా ముదురుతుంటాయి, టీకి ఒగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు రంగు మారి మందకొడి రుచికి దిగుతాయి. కప్పులో టీ చల్లారుతుంది కనుక ఈ మార్పు కూడా నెమ్మదిస్తుంది. ఫ్లాస్కులో చల్లారదు. అంటే నేను నడిచిన రెండు గంటలూ ఆ టీ పొయ్యి మీద సన్నమంటన ఉన్నట్టే. కాఫీ మరీ కష్టం. డికాక్షన్ వేడిగా నిలవుంటే అందులోని క్లోరోజెనిక్ ఆమ్లాలు విడిపోయి పులుపూ చేదూ పైకి తేలతాయి. పొద్దున్న కమ్మగా ఉన్నది మధ్యాహ్నానికి గొంతులో పట్టుకుంటుంది.

ఈ వస్తువు పుట్టుక గురించి చదివినప్పుడు నాకు ఆ సంగతి ఇంకా బాగా అర్థమైంది. 1892లో జేమ్స్ డ్యూవార్ అనే శాస్త్రవేత్త లండన్‌లో దీన్ని తయారుచేసింది టీ కోసం కాదు. ద్రవంగా మార్చిన వాయువులను నిలవ ఉంచడానికి ఆయనకు పాత్ర కావాల్సి వచ్చింది. ద్రవ ఆక్సిజన్ సున్నాకు 183 డిగ్రీల కిందే మరిగిపోతుంది, గదిలోని వేడి దానికి తగలకూడదు. ఆ గాజు పాత్రను 1904లో జర్మనీలో ఇళ్లలో వాడే సరుకుగా అమ్మడం మొదలుపెట్టారు, థెర్మోస్ అన్న పేరు అప్పటిదే. ప్రయోగశాలలో దాన్ని అడిగింది ఉష్ణోగ్రత ఒక్కటే కాపాడమని. ఇప్పటికీ అది ఆ ఒక్కటే కాపాడుతుంది. రుచిని కాపాడమని నేను అడగడం నా పొరపాటు.

ఇది తెలిశాక మూడో ఏడాది నుంచి ఫ్లాస్కులో ఉత్త వేడినీళ్లే తీసుకెళ్తున్నాను. చిన్న డబ్బాలో టీ ఆకు, ఒక చిన్న జాలీ, విడిగా ఒక స్టీలు గ్లాసు. ఆగిన చోట గ్లాసులో ఆకు వేసి నీళ్లు పోసి, పైన డబ్బా మూత పెట్టి, ఐదు నిమిషాలు ఉంచుతాను. ఇంట్లో మరిగే నీళ్లతో మూడు నిమిషాలు చాలు. ఇక్కడ నీళ్లు 85 దగ్గర ఉంటాయి కనుక నల్ల టీకి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. గ్రీన్ టీకి మాత్రం సరిగ్గా కావాల్సిన వేడి అదే. మరిగే నీళ్లలో వేస్తే చేదెక్కే ఆకు, ఫ్లాస్కు నీళ్లలో ఎంత తియ్యగా దిగుతుందో! పాలు కావాలంటే పొడి పాలు కలుపుకుంటాం. పాలతో కలిపిన టీనే మోయాల్సి వస్తే రెండు గంటల్లోపు తాగేయాలని నా నియమం. పైగా వేడి 60 డిగ్రీల కిందికి దిగాక పాలలో సూక్ష్మజీవులు పెరిగే వీలుంటుంది, సగం తాగి సాయంత్రానికి దాచుకోవడం మంచిది కాదు.

మొదటిసారి అలా కలిపిచ్చినప్పుడు నాన్న ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, "ఇది ఇప్పుడు పెట్టిన టీ కదమ్మా" అన్నారు. రెండేళ్లుగా ఆయన నా కోసం ఆ ముదురు టీని ఏమీ అనకుండా తాగారని అప్పుడు తెలిసింది.

ఇక నా పెద్ద ఫిర్యాదు మూత మీద. మధ్యలో బొత్తాం నొక్కితే టీ పడే రకం ఇది. షాపులో చూసినప్పుడు సౌకర్యంగా అనిపించింది. ఆ బొత్తాం లోపల స్ప్రింగూ, సన్నటి సందులూ ఉంటాయి. పాల టీ పోసిన రోజుల్లో ఆ సందుల్లో పాలు ఎండి, మర్నాటికి పులిసిన వాసన వచ్చేది. విప్పి కడగడానికి వీలుగా దాన్ని చేయలేదు. రబ్బరు వాషరు ఇంకో సమస్య. స్టీలుకు వాసన పట్టదు, వాషరుకు పడుతుంది. అల్లం వాసన ఒకసారి పట్టిందంటే వంట సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టినా పూర్తిగా పోలేదు. ఆరేళ్లలో రెండుసార్లు వాషరు మార్చాను. విడి వాషర్లు దొరికే మోడలే కొనుక్కోండి. లోపలి టీ మరకలకు ఒక చెంచా వంట సోడా, మరిగే నీళ్లు పోసి గంటసేపు ఉంచితే చాలు, మళ్లీ తళతళలాడుతుంది. బ్లీచింగ్ మాత్రం వాడొద్దు, అందులోని క్లోరిన్ స్టీలును తినేస్తుంది. కడిగాక మూత పెట్టి దాచకండి, ఒట్టి ఫ్లాస్కు మూత తీసే ఉండాలి.

తడి చేతులతో ఈ నున్నటి మూత తిప్పడం కూడా చాలా ఇబ్బంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫ్లాస్కు, మూత తిప్పడానికి మూడో చెయ్యి లేదు. గొడుగును మెడకూ భుజానికీ మధ్య ఇరికించి తిప్పబోయి ఒకసారి ఫ్లాస్కును రాళ్ల మీద జారవిడిచాను. అడుగున ఉన్న పెద్ద సొట్ట అప్పటిదే. ఇప్పుడు శూన్యం పోవడానికి బీజం అక్కడే పడిందేమో అని నా అనుమానం. ఆ తర్వాత నడకకు గొడుగు మానేసి రెయిన్‌కోటు వేసుకోవడం మొదలుపెట్టాను. దాని చిక్కులు దానికున్నాయి, లోపల చెమట పోసి వానలో తడిసినంత పనవుతుంది. అయినా రెండు చేతులూ ఖాళీగా ఉండటం కన్నా వేడి టీ తాగేవాళ్లకు ఇంకేం కావాలి?

చెట్టు కింద ఆగి తాగుదామనుకోకండి. మొదట్లో నేనూ అలాగే ఆగేదాన్ని. ఆకుల మీద చేరిన నీళ్లు ఒకటిగా కూడి, మామూలు చినుకుల కన్నా లావుగా రాలతాయి. ఒక్క చుక్క గ్లాసులో పడితే టీ చెంపకు చిందుతుంది. వాన వెలిశాక కూడా చెట్టు కురుస్తూనే ఉంటుంది. చూరుకు మించింది లేదు.

వేడి ఎక్కువ నిలవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. చలిలో తడిసి వచ్చినవాళ్లం, ఆవురావురుమంటూ తాగేస్తాం. నాన్నకు నాలుక రెండుసార్లు కాలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగడాన్ని అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి కింద చేర్చింది. అది చదివాక పోసిన గ్లాసును చేతుల మధ్య పట్టుకుని కొంతసేపు ఆగుతున్నాం. వాన గాలికి త్వరగానే దిగుతుంది.

ఆ ఆగే సమయమే ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టం. వాన రోజు గాలిలో తేమ నిండుగా ఉంటుంది, కనుక గ్లాసు నుంచి లేచిన ఆవిరిని గాలి ఇముడ్చుకోలేదు. అది తెల్లగా చిక్కబడి చాలాసేపు కనిపిస్తూ ఉంటుంది. ఎండ రోజున ఇదే టీ మీద ఆవిరి ఇలా నిలవదు. గ్లాసు మీదికి వంగితే కళ్లజోడు మసకబారుతుంది, తుడవాలనిపించదు. వేళ్ల కొసలు వెచ్చబడి, అక్కడి నుంచి ఆ వెచ్చదనం మణికట్టుకు పాకుతుంటే తెలుస్తూ ఉంటుంది. నాన్న ఈ పదినిమిషాల్లోనే మాట్లాడతారు. నడిచేటప్పుడు పెద్దగా మాట్లాడరు.

ఇంకొకటి నేర్చుకున్నాను. తొలి వానలప్పుడు ఆగగానే ఫ్లాస్కు మూత తీయను. ఎండిన నేల మీద తొలి చినుకులు పడినప్పుడు వచ్చే మట్టి వాసనలో జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది, నేలలోని బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వాన వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మన ముక్కు జియోస్మిన్‌ను అతి తక్కువ మోతాదులోనూ పసిగడుతుంది. అయినా పక్కనే టీ పొగలు కక్కుతుంటే అది వెనక్కి పోతుంది. అందుకని ముందు కాసేపు నేల వాసన పీల్చుకుని, తర్వాత మూత తీస్తాను.

కొత్తది కొంటే బొత్తాం లేని మామూలు మర మూతదే కొంటాను. అంచున గీతలుండి తడి చేతికి పట్టు దొరకాలి, చెయ్యి లోపలికి పట్టేంత వెడల్పు మూతి ఉండాలి. వెడల్పు మూతితో వేడి కొంచెం త్వరగా పోతుందని తెలుసు, ఆ నాలుగు డిగ్రీలు పోతే పోనీ. నిన్న ఈ పాతదాన్ని చివరిసారి కొలిచాను. మూడు గంటలకు 58 డిగ్రీలు. ఆకు దిగడానికి ఆ వేడి చాలదు. నాన్న చూసి, "పారేయకమ్మా, తాగడానికి గోరువెచ్చటి నీళ్లకు నాకు పనికొస్తుంది" అని కడిగి తన గదిలో కిటికీ దగ్గర మూత తీసి పెట్టుకున్నారు.