‘మెరైన్ అల్లాయ్’ పేరిట అల్యూమినియం గొట్టాలు: బోటు యజమానులు జాగ్రత్త

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక, ఇంజను మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే చేయించుకోవడం మనందరికీ అలవాటు. మొన్నటి నిషేధంలో నేను మా బోటు ఇంజను హీట్ ఎక్స్ఛేంజర్‌లో (ఇంజను చుట్టూ తిరిగే కూలెంట్ ద్రవాన్ని సముద్రపు నీటితో చల్లబరిచే పరికరం) ట్యూబ్ బండిల్, అంటే ఉప్పునీరు పారే సన్నటి గొట్టాల కట్ట, మార్పించాను. పాతది కుప్రో నికెల్‌ది, అంటే రాగి, నికెల్ కలిపిన మిశ్రమంది, పదకొండేళ్లు పనిచేసింది. కొత్తది దాదాపు సగం ధరకే దొరికింది. బిల్లు మీద ‘మెరైన్ అల్లాయ్’ అని తప్ప మరేమీ రాయలేదు. వేట మొదలైన తొమ్మిదో వారంలో కూలెంట్ అంతా కారిపోయి ఇంజను వేడెక్కి ఆగిపోతే, మరో బోటు తాడు కట్టి మమ్మల్ని హార్బరుకు చేర్చింది. విప్పి చూస్తే గొట్టాల లోపల తెల్లటి పొడి, దాని కింద సూదితో పొడిచినట్టు బెజ్జాలు కనిపించాయి. అవి అల్యూమినియం గొట్టాలు.

అమ్మిన వ్యక్తి చెప్పిన అంకెలు అబద్ధం కావు, నేను నమ్మింది కూడా అందుకే. గొట్టాలకు వాడే అల్యూమినియం మిశ్రమాల ఉష్ణవాహకత, మీటరుకు ఒక డిగ్రీ తేడాకు, సుమారు 160 నుంచి 210 వాట్లు ఉంటుంది. తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్ ఉండే 90/10 కుప్రో నికెల్‌కు అది 40 నుంచి 50 మాత్రమే, 70/30 రకానికి ఇంకా తక్కువ. ‘నాలుగు రెట్లు చల్లబరుస్తుంది’ అని అతను అన్నది ఈ లెక్కతోనే. అయితే గొట్టం గోడ మందం ఒక్క మిల్లీమీటరు. వేడి ప్రవాహానికి అసలు అడ్డు గోడకు ఇరువైపులా అంటిపెట్టుకుని ఉండే నీటి పొరలు, లోపల పేరుకునే పాచి, ఉప్పు. ఆ మొత్తం అడ్డంకిలో లోహం మార్చినందువల్ల తగ్గేది, నేను తర్వాత వేసుకున్న లెక్క ప్రకారం, నూటికి మూడు పాళ్లకు మించదు. పైగా రాగి ఉన్న మిశ్రమం మీద పాచి, గుల్లలు అంత తేలికగా పట్టవు. అల్యూమినియానికి ఆ గుణం లేదు.

ఉప్పునీటిలో ఈ రెండింటి తీరూ వేరు. అల్యూమినియాన్ని కాపాడేది దాని మీద ఉండే పలుచని ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని అక్కడక్కడ ఛేదించి గుంటలు పెడుతుంది. మా ఎక్స్ఛేంజర్‌లో గొట్టాలు బిగించిన పలకలు ఇత్తడివి, మూతలు కంచువి కావడంతో పరిస్థితి మరింత చెడింది. ఉప్పునీటిలో తడిసిన రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకితే బ్యాటరీలాగా పనిచేసి, వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. రాగి మిశ్రమాల పక్కన ఎప్పుడూ కరిగేది అల్యూమినియమే. ‘మిగతా లోహాలకు బదులు తాను కరిగిపోయి వాటిని కాపాడే జింకు కడ్డీ ఉందిగా’ అన్నాడు అమ్మినతను. కానీ ఆ కడ్డీ రక్షణ గొట్టం మూతి దగ్గర కొద్ది దూరం వరకే, సన్నటి గొట్టం లోపలిదాకా చేరదు. అల్యూమినియం పనికిరాని లోహమని నేను అనడం లేదు. 5083 అనే రకం అల్యూమినియం రేకులతో కట్టిన బోట్లు సముద్రంలో చక్కగా తిరుగుతున్నాయి. ఇత్తడి, కంచుల నడుమ ఉప్పునీటి గొట్టంగా మాత్రం అది తగదు.

కొనేముందు చేతిలో పట్టుకుని చూడండి. కుప్రో నికెల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.9 గ్రాములు, అల్యూమినియానిది 2.7, అదే కొలతల గొట్టం మూడు రెట్లకు పైగా బరువు తూగాలి. 1992లో వచ్చిన మందపాటి అయిదు రూపాయల బిళ్ళ కుప్రో నికెలే, తొమ్మిది గ్రాములు. చిన్నప్పుడు గ్లాసు నీళ్ల మీద జాగ్రత్తగా తేలించిన ఒక పైసా బిళ్ళ అల్యూమినియం, ముప్పావు గ్రాము. ఆ రెండూ ఒకసారి చేత్తో పట్టుకున్నవారికి ఈ తేడా మరొకరు చెప్పనక్కరలేదు. ఆకురాయితో కాస్త రాస్తే 90/10 లేత ఎర్రగా కనిపిస్తుంది. 70/30 మాత్రం తెల్లగానే ఉంటుంది కనుక రంగును బట్టి తేల్చుకోవద్దు. అయస్కాంతం పరీక్ష వృథా, అది రెంటికీ అంటుకోదు. చేతికి తొడుగు వేసుకుని ఒక చుక్క కాస్టిక్ సోడా ద్రావణం వేసి చూడండి: అల్యూమినియం అయితే బుడగలు పొంగుతాయి, కుప్రో నికెల్ చలించదు. తర్వాత ఆ చోటును మంచినీటితో కడిగేయాలి.

బిల్లులో ‘90/10 కుప్రో నికెల్, సి70600, ఏఎస్‌టీఎం బి111’ అని (సి70600 ఆ మిశ్రమం సంఖ్య, ఏఎస్‌టీఎం బి111 అలాంటి గొట్టాల నాణ్యతా ప్రమాణం) స్పష్టంగా రాయించుకుని, గొట్టం తయారుచేసిన మిల్లు ఇచ్చిన పరీక్షా పత్రం నకలు అడగండి. ‘అల్యూమినియం బ్రాస్’ అనేది వేరే సరుకు. మూడు వంతులకు పైగా రాగి, మిగతాది జింకు, రెండు పాళ్లు అల్యూమినియం ఉండే ఆ మిశ్రమాన్ని ఉప్పునీటి కండెన్సర్లలో చాలాకాలంగా వాడుతున్నారు. ఆ పేరు చెప్పి ఉత్త అల్యూమినియాన్ని అంటగడితే ఒప్పుకోవద్దు. కుప్రో నికెల్‌కూ ఒక బలహీనత ఉంది: హార్బరులోని మురికి నీటిలో ఉండే సల్ఫైడులు దాన్ని తింటాయి కనుక, కొత్త బండిల్‌ను మొదటి వారాల్లో శుభ్రమైన సముద్రపు నీటిలోనే నడిపి, బోటు కట్టేసేటప్పుడు మంచినీటితో కడగాలి.

నాకు అమ్మిన దుకాణంవారు బిల్లులో కుప్రో నికెల్ అని లేదు కదా అంటూ డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించారు. పాత బండిల్‌ను నేను అప్పటికే తుక్కు కింద అమ్మేశాను. దాని ధర, కొత్తగా కొన్న అల్యూమినియం ధరలో మూడో వంతు పలికింది.