తొమ్మిదేళ్ల రాత్రి ప్రయాణాల తర్వాత: మహిళల భద్రతా ఏర్పాట్లపై నా సమీక్ష

తొమ్మిదేళ్లుగా రాత్రి పది దాటాక బస్సులోనో మెట్రోలోనో ఇంటికి చేరుతున్నాను. మహిళల భద్రత పేరిట ఈ కాలంలో వచ్చిన ఏర్పాట్లలో చాలావాటిని స్వయంగా వాడాను గనుక, వాటిలో ఏది అక్కరకు వచ్చిందో, ఏది రాలేదో చెబుతున్నాను.

నన్ను ఎక్కువగా నిరాశపరచినది బస్సులోని అత్యవసర బటన్. అది కిటికీ పైన ఉంటుంది. వేధింపు జరిగేదేమో చెయ్యి ఎత్తడానికి కూడా చోటు లేని రద్దీలో. ఒకసారి వెనక నిలబడ్డ మనిషి ప్రతి కుదుపునూ సాకుగా చేసుకుని మీద పడుతుంటే ఎలాగో అందుకుని నొక్కాను. ఎవరూ పలకలేదు, అది మోగిన సంగతి డ్రైవరుకే తెలియలేదు. "ఏమైందమ్మా?" అంటూ వచ్చి, అతణ్ణి ముందుకు పంపి, నేను దిగేదాకా పక్కనే నిలబడినది కండక్టర్. ఆ రాత్రి నన్ను కాపాడినది ఆయనే. నా ఫిర్యాదుకు మాత్రం రెండు వారాల తర్వాత "పరిశీలించాం" అన్న ఒక్క మాట జవాబుగా వచ్చింది. బ్రిటన్‌లో రైళ్లలో వేధింపు ఎదురైతే 61016 నంబరుకు సందేశం పంపి రైల్వే పోలీసులకు చెప్పవచ్చు. నోరు విప్పలేని రద్దీలో ఆ పద్ధతే నయమని నాకు అనిపిస్తుంది.

మహిళల బోగీ వల్ల ప్రయాణం నిశ్చింతగా సాగుతుంది, కానీ ఆ నిశ్చింత రైలు దిగేవరకే.

నాకు అన్నిటికన్నా మేలు చేసినది, రాత్రివేళ రెండు స్టాపుల మధ్య అడిగిన చోట బస్సు ఆపే సదుపాయం. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1996లోనే మొదలైన ఈ పద్ధతి మా రూటులోకి ఆలస్యంగా వచ్చింది. ముందు స్టాపులోనే డ్రైవరుకు చెప్పుకుంటే, మలుపు దగ్గర దీపం ఉన్న చోట ముందు తలుపు ఒక్కటే తెరుస్తారు. వెనక తలుపు నుంచి ఎవరూ నా వెంట దిగలేరు. అంతకుముందు ఎనిమిది నిమిషాలు చీకట్లో, తాళంచెవులు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని నడిచేదాన్ని. ఇప్పుడు రెండు నిమిషాల్లో గేటు చేరుతున్నాను. కొత్త డ్రైవర్లు కొందరికి ఈ నియమమే తెలియదు, వారితో వాదించాల్సి వస్తుంది. అయినా ఈ ఒక్క సదుపాయం వల్లే రాత్రి షిఫ్టు మానుకోకుండా ఉండగలిగాను.